ఉద్దానం కిడ్నీ వ్యాధి మీద ప్రాజెక్టు: లైబ్రరీ డేటాబేసుల్లో పేపర్లు వెతికే పద్ధతి చెప్పండి

ప్రశ్న: ఎమ్మెస్సీ_ఎచ్చెర్ల

అందరికీ నమస్కారం. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ ఫైనలియర్. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం భూగర్భ జలాలకీ, అక్కడి కిడ్నీ వ్యాధికీ ఉన్న సంబంధం మీద ఇంతవరకూ వచ్చిన పరిశోధనంతా ఒకచోట పెట్టి రాయాలి. గూగుల్ స్కాలర్‌లో కొడితే వేలల్లో వస్తున్నాయి. అదే వాక్యం పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పేపర్ల డేటాబేసు) కొడితే ఏమీ రావట్లేదు. మాది గవర్నమెంటు యూనివర్సిటీ. క్యాంపస్‌లో తెరుచుకున్న పేపరు సోంపేటలో ఇంటి దగ్గర డబ్బు కట్టమంటోంది. ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి.

జవాబు: రిఫరెన్స్_డెస్క్

సబ్‌స్క్రిప్షన్ సంగతి తర్వాత. ముందు వెతికే మాటలు సరిచేసుకోండి, అసలు పని అక్కడే ఉంది. పబ్‌మెడ్‌లో నిండు వాక్యం కొడితే అందులోని మాటలన్నీ ఒకే రికార్డులో ఉండాలన్నట్టు వెతుకుతుంది. ఒక్క మాట లేకపోయినా ఆ పేపరు రాదు.

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి: ఊరు, జబ్బు, నీళ్లు. ఒక్కో ముక్కకీ వాడుకలో ఉన్న పేర్లన్నీ కాగితం మీద రాసుకోండి. ఉద్దానాన్ని ఇంగ్లిష్‌లో రెండు డి-లతో రాసినవాళ్లున్నారు, డి తర్వాత హెచ్ పెట్టి రాసినవాళ్లున్నారు. రెండూ పెట్టండి. పక్కన శ్రీకాకుళం, కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు చేర్చండి. జబ్బు వైపు కిడ్నీ, రీనల్ రెండూ కావాలి. సీకేడీ (దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి), సీకేడీయూ (కారణం తెలియని సీకేడీ), నెఫ్రోపతీ, ఇంటర్‌స్టీషియల్ నెఫ్రైటిస్ కూడా. నీళ్ల వైపు గ్రౌండ్‌వాటర్, డ్రింకింగ్ వాటర్, సిలికా, ఫ్లోరైడ్, హెవీ మెటల్స్.

ఒకే ముక్కలోని పేర్ల మధ్య ఆర్ (OR), ముక్కకీ ముక్కకీ మధ్య ఆండ్ (AND). ఈ రెండూ ఇంగ్లిష్ పెద్దక్షరాల్లోనే ఉండాలి. ఒక్కో ముక్క చుట్టూ బ్రాకెట్లు తప్పవు. పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది కాబట్టి బ్రాకెట్లు లేకపోతే అర్థమే మారిపోతుంది.

మొదట ఊరు, జబ్బు మాత్రమే కలిపి చూడండి. చేత్తో చదవగలిగినన్నే వస్తే మూడో ముక్క కలపొద్దు. అన్నిటి అబ్‌స్ట్రాక్టులూ (పేపరు మొదట ఉండే సారాంశాలు) చదివెయ్యండి. తర్వాత ఊరు తీసేసి జబ్బు, నీళ్లు కలపండి. అప్పుడు శ్రీలంక, మధ్య అమెరికా పేపర్లు వస్తాయి. పోల్చి రాయడానికి అవి కావాలి.

నక్షత్రం గుర్తు మాట చివర పెడితే ఆ మొదలుతో వచ్చే రూపాలన్నీ వస్తాయి. నెఫ్రోపతీ మొత్తం టైప్ చెయ్యకుండా ‘నెఫ్రోపాథ్’ దాకా రాసి నక్షత్రం పెట్టండి. రీనల్ కోసం మొదటి మూడక్షరాలకే నక్షత్రం తగిలించకండి. పబ్‌మెడ్‌కి కనీసం నాలుగక్షరాలుండాలి, పైగా సంబంధం లేని మాటలన్నీ వచ్చి పడతాయి. ఇంకొకటి, నక్షత్రం పెట్టిన మాటకి పబ్‌మెడ్ తనంతట తాను పర్యాయపదాలు కలపడం మానేస్తుంది. అందుకని అడ్వాన్స్‌డ్ పేజీలో హిస్టరీ కింద డీటెయిల్స్ తెరిచి, మీరు కొట్టినదాన్ని అది ఎలా అర్థం చేసుకుందో ప్రతిసారీ చూడండి.

ఇదే వరస సైన్స్‌డైరెక్ట్ అనే పబ్లిషర్ సైటులో అతికిస్తే పనిచెయ్యదు. అక్కడ నక్షత్రం చెల్లదు, ఒక పెట్టెలో ఎనిమిది ఆండ్, ఆర్‌లకి మించి ఒప్పుకోదు. ముక్కలు చేసి రెండు మూడు సార్లు వెతకాలి.

జవాబు: ఈ_రిసోర్సెస్

ఇంటి దగ్గర తెరుచుకోకపోవడం గురించి. క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉన్నంతసేపూ పబ్లిషర్ సైటు మీ ఐపీ అడ్రసు చూసి లోపలికి పంపిస్తుంది. మీరెవరో దానికి తెలీదు. సోంపేటలో ఫోన్ డేటాతో వెళ్తే మీరు బయటివాళ్లే. క్యాంపస్‌లో ఉండి కూడా వైఫై కాకుండా ఫోన్ డేటా వాడినా, వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ఇంతే.

గవర్నమెంటు సంస్థలకి 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (అందరి తరఫునా కేంద్రమే జర్నల్స్‌కి చందా కట్టే పథకం) నడుస్తోంది. 30 మంది పబ్లిషర్లవి దాదాపు 13,000 జర్నల్స్. దీన్ని నడిపేది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ. బయట నుంచి వాడాలంటే వాళ్ల ఇన్‌ఫెడ్ లాగిన్ కావాలి. ఆ ఖాతా మీ లైబ్రరీ ద్వారా వస్తుంది. రోల్ నంబరు, యూనివర్సిటీ ఈమెయిలు పట్టుకెళ్లి అడగండి. వచ్చాక పబ్లిషర్ పేజీలో మామూలు సైనిన్ దగ్గర ఆ పాస్‌వర్డ్ కొట్టకండి, పడదు. సంస్థ ద్వారా ప్రవేశం అన్న లింకు నొక్కి, జాబితాలో మీ యూనివర్సిటీ పేరు ఎంచుకుంటే ఇన్‌ఫెడ్ పేజీ వస్తుంది. లాగిన్ అక్కడ.

గూగుల్ నుంచి నేరుగా పేపరు మీదకి దూకినప్పుడు ధర కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ముందు ఈ దారిన వెళ్లి చూడండి. నెట్‌లో కార్డు నంబరు ఇచ్చే పని అసలు పెట్టుకోవద్దు.

అనుబంధ డిగ్రీ కాలేజీల పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే: మీ కాలేజీకి ఎన్-లిస్ట్ (కాలేజీల కోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే పథకం) సభ్యత్వం ఉందేమో లైబ్రేరియన్‌ని అడగండి. ఎవరి ఐడీ వారికే ఇస్తారు. ఈ-పుస్తకాలు కూడా అందులో ఉంటాయి.

ఒక జర్నల్ సంచికలన్నీ వరసపెట్టి, లేదా సాఫ్ట్‌వేర్ పెట్టి దింపొద్దు. పబ్లిషర్ గమనిస్తే ఆపేది మిమ్మల్ని ఒక్కరినే కాదు, మొత్తం క్యాంపస్‌ని. పరీక్షల ముందు అది జరిగితే అందరూ ఇబ్బంది పడతారు.

మీ అంశం మీద మాత్రం చాలా పేపర్లకి లాగిన్ కూడా అక్కర్లేదు. ఇండియన్ జర్నల్ ఆఫ్ నెఫ్రాలజీ, కిడ్నీ ఇంటర్నేషనల్ రిపోర్ట్స్ రెండూ ఓపెన్ యాక్సెస్, అంటే ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. మిగతావాటికి బ్రౌజర్‌లో అన్‌పేవాల్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే ఉచిత ప్రతి ఎక్కడైనా ఉన్నప్పుడు ఆకుపచ్చ తాళం చూపిస్తుంది.

ప్రశ్న: ఎమ్మెస్సీ_ఎచ్చెర్ల

చాలా థాంక్సండీ. ఊరు, జబ్బు కలిపితే ఒక్కపూటలో చదవగలిగినన్ని వచ్చాయి. తర్వాత ఫ్రీ ఫుల్ టెక్స్ట్, హ్యూమన్స్ ఫిల్టర్లు పెడితే ఈ మధ్య వచ్చిన రెండు పేపర్లు మాయమైపోయాయి. ఎందుకు?

జవాబు: రిఫరెన్స్_డెస్క్

రెండు ఫిల్టర్లూ తీసెయ్యండి. హ్యూమన్స్ అన్నది ఇండెక్సింగ్‌లో వేసే మెష్ పదాల (పేపరు దేని గురించో చెప్పే నిర్ణీత పదాలు) మీద ఆధారపడుతుంది. కొత్త పేపరుకి ఇంకా ఆ పదాలు పడకపోతే ఫిల్టర్ దాన్ని పక్కన పెట్టేస్తుంది. మెష్ పదంతో మాత్రమే వెతికినా ఇదే జరుగుతుంది. అందుకే మెష్‌తో పాటు, మామూలు మాట పక్కన చదరపు బ్రాకెట్లలో టి-ఐ-ఎ-బి అక్షరాలు పెట్టి, శీర్షికలోనూ అబ్‌స్ట్రాక్టులోనూ వెతికించి, రెండిటినీ ఆర్‌తో కలపాలి. ఫ్రీ ఫుల్ టెక్స్ట్ పెడితే మీ లైబ్రరీ డబ్బు కట్టి ఇస్తున్న పేపర్లు కూడా కనబడకుండా పోతాయి.

జవాబు: థీసిస్_గైడ్

ఇంకో రెండు మూడు సంగతులు.

రచయిత పేరుతో వెతికేటప్పుడు రెండు విధాలా చూడాలి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. కొన్ని జర్నల్స్ చివరి మాటే ఇంటిపేరనుకుని తిప్పేస్తాయి. ఒకే మనిషి ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట సొంత పేరుతో ఉంటారు. జొటేరోలోకి (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) రిఫరెన్సులు దింపాక రచయిత పేరు గడి ఒక్కొక్కటీ తెరిచి చూడండి. పబ్‌మెడ్‌లో సెండ్ టు కింద సైటేషన్ మేనేజర్ నొక్కితే వచ్చే ఫైలుని జొటేరో నేరుగా తీసుకుంటుంది. పేరు తిరగబడి ఉంటే గ్రంథసూచిలో అలాగే అచ్చవుతుంది, వైవాలో పట్టుకుంటారు.

గూగుల్ స్కాలర్‌ని వదిలెయ్యకండి, పని మార్చండి. ఉద్దానం మీద మంచి పేపరు ఒకటి చేతికొచ్చాక దాని కింద ఉన్న సైటెడ్ బై నొక్కండి. దాన్ని ఉదహరించిన తర్వాతి పేపర్లు వస్తాయి. కేవలం వెతకడానికైతే అది ఎన్ని వేలు చూపించినా వెయ్యి దాటి తెరవనివ్వదు.

థీసిస్‌లకి శోధ్‌గంగ అనే సైటు చూడండి. అధ్యాయానికో పీడీఎఫ్ ఉంటుంది, ముందు సమీక్షాధ్యాయం తెరవండి. పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన థీసిస్‌లో లోపల మాట వెతికితే దొరకదు, విషయసూచిక చూసి పేజీ తిప్పుకోవాల్సిందే.

నీళ్ల అంకెలకి సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డు జిల్లా నివేదికలు చూడండి. 2022 ఏప్రిల్‌లో పాలకొండ వైపు మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. కాబట్టి ఆ ముందరి శ్రీకాకుళం జిల్లా మొత్తాన్ని ఇప్పటి మొత్తంతో పక్కపక్కన పెట్టకూడదు. మండలాల వారీగా తీసుకోండి. ఉద్దానం మండలాలు శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నాయి కనుక మీకు ఇబ్బంది లేదు.

ఈరోజే ఒక ఎక్సెల్ షీటు తెరిచి నాలుగు గడులు పెట్టండి: ఏ డేటాబేసు, ఏ తేదీ, అక్షరం మారకుండా ఏం కొట్టారు, ఎన్ని వచ్చాయి. పద్ధతుల అధ్యాయంలో అదే రాయాలి. నెల తర్వాత గుర్తుచేసుకుని రాస్తే అంకెలు కలవవు, డేటాబేసు ఈలోపు పెరిగిపోయి ఉంటుంది.