రైసుమిల్లు కప్పు మీద సౌర ఫలకాలా, సౌర కంపెనీల షేర్లా?

ప్రశ్న (హన్మకొండ): మా రైసుమిల్లు రేకుల కప్పు మీద సౌర ఫలకాలు వేయించాలా, లేక ఆ డబ్బును పెద్ద సౌర కేంద్రాలు నడిపే కంపెనీల షేర్లలో పెట్టాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. కర్బన ఉద్గారాలు ఏ దారిలో ఎక్కువ తగ్గుతాయో పెద్దలు చెప్పగలరు.

జవాబు (గోదావరిఖని): రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రాన్ని చూడండి. దానికి సాగుభూమి అక్కరలేదు, నీరు ఆవిరి కావడం తగ్గుతుంది, అడుగున ఉన్న చల్లదనం ఫలకాల సామర్థ్యాన్ని కాపాడుతుంది. ఇలా పెద్ద ఎత్తున విస్తరించగల పద్ధతులకే పెట్టుబడి వెళ్లాలని నా గట్టి అభిప్రాయం.

జవాబు (నర్సంపేట): అన్నగారూ, ముందు మీ కప్పే. పగటిపూట మర నడుస్తుంది కనుక కరెంటు అక్కడికక్కడే ఖర్చవుతుంది. అయితే మా మిల్లులో ఊక దుమ్ము పేరుకొని ఫలకాలు బూడిదరంగుకు తిరిగేవి. వారానికోసారి తెల్లవారుజామున, గాజు వేడెక్కకముందే కడిగించడం మొదలుపెట్టాకనే ఉత్పత్తి కోలుకుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. రేకుల కింది ఇనుప దూలాలు ఆ బరువు మోయగలవో లేదో ముందుగా ఇంజనీరుకు చూపిస్తాను.