కౌబాయ్ బీబాప్: సినిమా మధ్యలో చూడాలా, చివర్లోనా?

కౌబాయ్ బీబాప్ అనే జపనీస్ యానిమే సిరీస్‌లో పదో ఎపిసోడ్ దాటాను, ఇది 1998 నాటిదంటే నమ్మబుద్ధి కావట్లేదు. ఐదో ఎపిసోడ్‌లో చర్చిలో హీరో స్పైక్, అతని పాత శత్రువు విషస్ తలపడి, స్పైక్ రంగుటద్దాల కిటికీలోంచి కిందపడే సీన్ చూశాక వాళ్ల పాత గొడవేంటో తెలుసుకోవాలని ఒకటే ఆత్రం, కానీ ఆ తర్వాత మళ్లీ డబ్బు కోసం నేరస్తుల్ని పట్టుకునే మామూలు వేటలే. (చేతిలో పైసా లేక బీఫ్ కూరలో బీఫ్ వేయకుండా క్యాప్సికమ్‌తో సరిపెట్టే బ్యాచ్ కదా మరి!)

అసలు డౌట్ ఏంటంటే, మొత్తం 26 ఎపిసోడ్లు, 2001లో వచ్చిన సినిమా కథేమో 22, 23 మధ్య జరుగుతుందట. అక్కడ ఆపి సినిమా చూడాలా, అంతా అయ్యాకా? ఇంకోటి, మా తమ్ముడికి ఓపిక తక్కువ, వాడు విషస్ ఎపిసోడ్లే చూస్తానంటున్నాడు, అలా చూస్తే స్పైక్ బ్యాచ్‌లోని ఫేయ్, ఎడ్ కథలు పోవూ? చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్, క్లైమాక్స్ మాత్రం చెప్పేయకండి, దండం పెడతా.