అడవి కొట్టని సోయా అని ఎలా నమ్మాలి?

కృష్ణాతీరం (రాటర్‌డ్యామ్):
ఇక్కడ పశువుల దాణా కంపెనీలో కొనుగోళ్లు చూస్తాను. 2023లో వచ్చిన యూరప్ చట్టం ప్రకారం, 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన సోయా ఇక్కడ అమ్మకూడదు. అమలు రెండుసార్లు వాయిదా పడినా కాగితాల పని ఆగలేదు. చేను ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చూపాలి. 4 హెక్టార్లు దాటితే హద్దులన్నీ గీసివ్వాలి. ఆనవాలు తెలిసిన సరుకులో తెలియనిది కలవకూడదు. ఈ చివరిది అతి అని నా అభిప్రాయం. 100 టన్నులు మంచిది కొని, కలిసిన రాశిలోంచి 100 టన్నులకే ఆ పేరు పెట్టుకుంటే చాలదా? మాకు సోయా వచ్చే బ్రెజిల్ రాష్ట్రం మాటో గ్రాసోలో ప్రతి సైలో (గింజలు నిల్వ చేసే గోదాం) వేరుగా పెట్టాలంటే ఖర్చు ఎవరు భరించాలి?

శాటిలైట్_చూపు:
చాలదు. ఆ రాశిలో మిగిలిన సరుకును కూడా ఎవరో ఒకరు కొంటారు. అడవి కొట్టినవాడికి ఒక్క రూపాయి నష్టం లేదు.

నా పని ఉపగ్రహ చిత్రాలతోనే. చేను హద్దు కరెక్ట్‌గా ఇస్తే అక్కడ చెట్లు ఏ ఏడు పోయాయో చెప్పొచ్చు. బ్రెజిల్ అంతరిక్ష సంస్థ ఇన్‌పే 1988 నుంచి అమెజాన్‌లో నరికివేతను ఏటా లెక్కగడుతోంది. కానీ గింజ లారీ ఎక్కాక ఉపగ్రహానికి ఏం తెలుస్తుంది? పైగా అక్కడి గ్రామీణ భూముల రిజిస్టర్ ‘కార్’లో హద్దులు యజమాని తానే చెప్పుకుంటాడు.

వడ్లబస్తా (నిజామాబాద్):
ఇది మాకు కొత్త కాదు. ఒకరి పాస్‌బుక్ మీద ఇంకొకరి వడ్లు తూకానికి రావడం నేను కళ్లారా చూశాను. కాగితం అసలుదే, వడ్లే వేరేవి. రెండు పొలాలున్న సోయా రైతు, నిషేధంలో ఉన్న పొలం పంటను రెండోదాని పేరు మీద అమ్మితే ఎవరు పట్టుకుంటారు? దిగుబడి సరిచూస్తున్నారా? అక్కడ హెక్టారుకు సుమారు 3.5 టన్నులు పండుతుందంటారు. 100 హెక్టార్ల మీద 600 టన్నులు ఒకే పంటలో అమ్మితే అక్కడే ఆపాలి. దీనికి ఉపగ్రహం కూడా అక్కర్లేదు.

కృష్ణాతీరం:
ఒక్కో కొనుగోలుదారు ఒక్కో ముక్కే చూస్తాడు కాబట్టి మొత్తం అమ్మకం మాకు కనపడదు. అందరి లెక్కలూ ఒకచోట ఉండాలి. ఇది మా దగ్గర లేదు, ఉండాల్సిందే.

కానీ 2006 సోయా మారటోరియం చూడండి. అమెజాన్‌లో కొత్తగా అడవి కొట్టిన చేల పంట కొనబోమని పెద్ద వ్యాపారులంతా ఒప్పుకున్నారు. అంతకుముందు రెండేళ్లలో అక్కడ సోయా విస్తరించిన నేలలో దాదాపు 30 శాతం అప్పుడే కొట్టిన అడవి. 2014 నాటికి అది 1 శాతం. గింజ గింజనూ వేరు చేయకుండానే జరిగింది ఇదంతా.

శాటిలైట్_చూపు:
జరిగింది, ఒప్పుకుంటాను. అందరూ కలిసి కొనడం మానేశారు కాబట్టే జరిగింది. సరిగ్గా ఆ ‘అందరూ కలిసి’ అన్నదాన్నే తప్పుపట్టి, 2025 ఆగస్టులో బ్రెజిల్ పోటీ నియంత్రణ సంస్థ కాడె మారటోరియం నిలిపేయమంది. వ్యాపారుల మాట మీద నిలిచిన అడవికి ఇక ఏం భరోసా?

ఇంకో సంగతి. మారటోరియం అమెజాన్‌కే. పక్కనున్న సెర్రాడో గడ్డిమైదానాల్లో, చాలాచోట్ల యజమాని 20 శాతం ఉంచి మిగతాది చట్టబద్ధంగానే కొట్టుకోవచ్చు. యూరప్ చట్టం లెక్కలో అడవి అంటే 5 మీటర్లు దాటిన చెట్లు, నేలలో 10 శాతానికి మించి కప్పే చెట్ల కొమ్మల గొడుగు. సెర్రాడోలో చాలా భాగం ఆ కొలతకు అందదు. నిరుడు దున్నిన సెర్రాడో నేల సోయాకు కూడా మీ కాగితాలన్నీ సక్రమంగానే ఉంటాయి.

పాడేరు_కాఫీ:
కాఫీ కూడా అదే చట్టంలో ఉంది. మా అరకు వైపు గిరిజన రైతుల తోటలు చిన్నవి. 4 హెక్టార్ల లోపువాళ్లకు ఒక్క బిందువు చాలన్నది మాకు ఊరటే, కానీ తోట తోటకూ తిరిగి ఆ బిందువు నమోదు చేసే ఖర్చు రైతు మీద పడకూడదు. యూరప్‌లో కొనేవాళ్లు పెట్టుకోవాలి.

కృష్ణాతీరం:
ఖర్చు విషయంలో మీ మాటే న్యాయం. సరుకు కలపడం మీద ఇంకా తేల్చుకోలేదు. సెర్రాడో గురించి మాత్రం సోమవారం మా మీటింగ్‌లో అడుగుతాను: చట్టం అడవి అనకపోయినా, 2020 తర్వాత దున్నిన సెర్రాడో నేల పంట కొనబోమని మన కాంట్రాక్టులో ఒక్క వాక్యం ఎందుకు రాయకూడదని.