సిమ్యులేషన్‌లో రేకు తిన్నగా ఉంది, బల్ల మీద అప్పడంలా లేచింది: ఎక్కడ తప్పు?

రేకు_3ఎంఎం:
ఎంటెక్ ప్రాజెక్టు రివ్యూ వచ్చే గురువారం. టెన్షన్‌గా ఉంది. రెండు 304 స్టెయిన్‌లెస్ రేకులు, ఒక్కోటి 300 × 100, మందం 3 మి.మీ., టిగ్ వెల్డింగ్‌తో బట్ జాయింట్ (అంచుకి అంచు ఆనించి అతకడం). 120 ఆంపియర్లు, 12 వోల్టులు, టార్చ్ వేగం సెకనుకు 2 మి.మీ. ఎఫిషియెన్సీ 0.65 వేశాను, అంటే రేకులోకి వెళ్లేది 936 వాట్లు. సిమ్యులేషన్‌లో హీట్ సోర్స్ గోల్డాక్ డబుల్ ఎలిప్సాయిడ్, అంటే టార్చ్ వేడిని గుడ్డు ఆకారంలో పంచే మోడల్. దాని కొలతలు ఊహించినవి కావు, బీడ్‌ని (వెల్డ్ గీతని) అడ్డంగా కోసి, కరిగిన హద్దు కనిపించేలా యాసిడ్‌తో ఎచింగ్ చేసి చూసి పెట్టాను. వెల్డ్‌కి 15 మి.మీ. దూరంలో థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్) గ్రాఫూ అబాకస్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన గ్రాఫూ దాదాపు కలిసిపోయాయి. అక్కడిదాకా హాయి.

వంకర దగ్గరే పరువు పోతోంది. లెక్కలో 0.4 మి.మీ. నిజం రేకుకి ఎదురెదురు మూలలు రెండు పైకి లేచాయి, స్కేలు నిలబెడితే 5 మి.మీ. మెష్ (లెక్క కోసం రేకుని ముక్కలుగా విడగొట్టే వల) మూడుసార్లు సన్నం చేశా, అంగుళం కదల్లేదు. మా నాన్నది గేట్లు, గ్రిల్స్ చేసే షాపు. "రేకు లాగేస్తుందిరా, అది నీ కంప్యూటర్‌కి తెలీదు" అని ఒకటే నవ్వు.

వైజాగ్_ఫ్యాబ్:
నాన్నగారు చెప్పింది నిజమే తమ్ముడూ. స్ట్రక్చరల్ స్టెప్‌లో ఎన్‌ఎల్‌జియోమ్ (పెద్ద కదలికల్ని లెక్కలోకి తీసుకునే సెట్టింగ్) ఆన్ చేశావా? అబాకస్ స్టాండర్డ్‌లో అది మనం పెడితే తప్ప రాదు.

వెల్డ్ చల్లారుతూ పొడవునా కుంచించుకుంటుంది, రెండు పక్కల రేకుని నొక్కుతుంది. పలుచటి రేకు ఆ నొక్కుడుకి ఆగలేక పక్కకి తప్పుకుంటుంది. నీకు వచ్చింది బక్లింగ్. చిన్న కదలికల లెక్కలో రేకుని ఎంత నొక్కినా పక్కకి తప్పుకునే దారే ఉండదు, మెష్ ఎంత సన్నం చేసినా అంతే. పైగా 304 ఉష్ణ వ్యాకోచం మైల్డ్ స్టీల్ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు, వేడిని పంపేది మూడో వంతే. వేడంతా వెల్డ్ పక్కనే పోగవుతుంది.

ఇంకోటి. కంప్యూటర్ గీసిన రేకు అద్దంలా ఉంటుంది. షాపులో అలాంటి రేకు నేనైతే చూడలేదు. మొదటి బక్లింగ్ మోడ్ (రేకు అన్నిటికంటే తేలిగ్గా వంగే ఆకారం) తీసి, ఆ ఆకారంలోనే మందంలో పదో వంతు వంపు ముందే పెట్టు. క్లాంపులు విప్పే స్టెప్ వేరుగా రాయి, చల్లారాకే విప్పు.

మెష్_పిచ్చి:
రేకు మందంలో ఎలిమెంట్లు (మెష్ ముక్కలు) ఎన్ని? ఒక్కటే అయితే వంగడం సరిగ్గా పట్టదు. కరిగిన చోట పాత ప్లాస్టిక్ స్ట్రెయిన్ (శాశ్వతంగా సాగిన లెక్క) సున్నా అవ్వాలి, మెటీరియల్‌లో దాన్ని చెరిపేసే ఎనీల్ టెంపరేచర్ ఇచ్చావో లేదో చూసుకో. లేకపోతే కరిగి గడ్డకట్టిన లోహం కూడా పాత గట్టిదనం మోస్తూ కూర్చుంటుంది.

రేకు_3ఎంఎం:
అన్నా, ఎన్‌ఎల్‌జియోమ్ ఆఫ్‌లోనే ఉంది. సిగ్గుగా ఉంది. మందంలో 4 ఎలిమెంట్లున్నాయి, ఎనీల్ ఇప్పుడు పెట్టా. రాత్రంతా రన్ అయింది. మూలలు సరిగ్గా అవే లేచాయి, 3.8 మి.మీ. ఇంకా 1.2 తేడా ఉంది. మోడల్‌లో టాక్‌లు (అసలు వెల్డ్‌కి ముందు రేకుల్ని పట్టి ఉంచే చిన్న చుక్క వెల్డ్‌లు) పెట్టలేదు. అసలు వెల్డ్ కాలేజీ ల్యాబ్‌లో మెషీన్ మీద వేశాం గానీ, టాక్‌లు నాన్న షాపులో కొట్టించాను.

వైజాగ్_ఫ్యాబ్:
అయితే ఏ చివర ముందు కొట్టారో, మధ్యలో ఎన్ని వేశారో ఆయన్నే అడిగి, ఆ వరసలోనే మోడల్‌లో పెట్టు. ఈసారి నవ్వరులే.