మొదట కనిపించిన సమాధానాన్ని శంకించడం పిల్లలకు ఎలా నేర్పాలి?

ప్రశ్న – ఉపాధ్యాయురాలు, మర్రిగూడ మండలం
తాగునీటిలోని ఫ్లోరైడ్ గురించి సమాచారం సేకరించమంటే, మా తొమ్మిదో తరగతి పిల్లల్లో చాలామంది నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని రాసుకొచ్చారు. ఎక్కడ చదివారని అడిగితే, "గూగుల్‌లో అన్నిటికంటే పైన అదే ఉంది టీచర్" అన్నారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీటి వల్ల తాతల నడుములు వంగిపోవడం కళ్లారా చూసిన పిల్లలు అంత సులభంగా నమ్మడం నన్ను బాధించింది. నేను చెబితే దిద్దుకుంటారు సరే, నేను పక్కన లేనప్పుడు ఏం చేయాలి?

జవాబు – భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, నల్లగొండ
మేడమ్, ముందుగా ఉప్పునీటిని సగమయ్యేదాకా మరిగించి, చల్లార్చి, రుచి చూపించండి. నీరు ఆవిరైనా ఉప్పు మిగిలినట్లే ఫ్లోరైడ్ కూడా గిన్నెలోనే మిగిలి, లీటరుకు దాని మోతాదు పెరుగుతుందని వారికే తోస్తుంది. ఆ తరువాత ప్రశ్న మార్చి వెతికించండి. "మరిగిస్తే పోతుందా" అని అడిగితే మరిగించడం గురించిన పేజీలే ఎక్కువగా వస్తాయి. "ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతులు" అని అడిగితే పటిక, సున్నం వాడే, మన జిల్లా పేరే పెట్టిన నల్గొండ పద్ధతి కనిపిస్తుంది. దానిని రూపొందించింది నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి).

జవాబు – గ్రంథపాలకురాలు, మహబూబ్‌నగర్
పేజీని పూర్తిగా చదవకముందే దాని నుంచి బయటికి వచ్చి, ఆ సైట్ గురించి ఇతరులు ఏమంటున్నారో చూడటం అలవాటు చేయండి. పైన ఉన్న ఫలితంపై "స్పాన్సర్డ్" అని ఉంటే అది డబ్బు చెల్లించి పెట్టించిన ప్రకటన. ఈ సంగతి పెద్దలలోనూ చాలామంది గమనించరు.

ప్రశ్న అడిగినవారు
సోమవారం ఉప్పునీటితోనే మొదలుపెడతాను. మరిగించమని రాసిన పిల్లలతోనే ఆ పేజీలోని తప్పు వెతికిస్తాను.