ఎంజీఎంటీ రెండో ఆల్బమ్‌పై ఇంత భేదాభిప్రాయం ఎందుకు?

ప్రశ్న:
2007లో వచ్చిన ‘ఒరాక్యులర్ స్పెక్టాక్యులర్’లోని ‘కిడ్స్’, ‘ఎలక్ట్రిక్ ఫీల్’ పాటలు విని ఈ అమెరికన్ బృందానికి అభిమానినయ్యాను. 2010 నాటి ‘కంగ్రాచ్యులేషన్స్’ను నాలుగైదుసార్లు విన్నా, నోట నిలిచే పల్లవి ఒక్కటీ దొరకలేదు. ఇది మీకు ఎందుకు నచ్చిందో వివరించగలరా?

జవాబు 1:
మొదట నాకూ ఇలాగే అనిపించింది. 12 నిమిషాలకు పైగా సాగే ‘సైబీరియన్ బ్రేక్స్’ను ఒకే పాటగా కాక, ఒకదానిలోంచి మరొకటి పుట్టుకొచ్చే చిన్న పాటల మాలగా, తీరిక చూసుకుని హెడ్‌ఫోన్స్‌తో వినండి. ‘సమ్‌వన్స్ మిస్సింగ్’ అయితే గొంతు దాచుకున్నట్టు మెల్లగా మొదలై, చివరికొచ్చేసరికి ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఆ ఒక్క చోటు కోసమే దాన్ని మళ్లీ మళ్లీ పెట్టుకుంటాను.

జవాబు 2:
నేను ఏకీభవించలేను. పాత బాణీలనే తిప్పి ఇవ్వాలని ఎవరూ కోరలేదు. కానీ ‘ఫ్లాష్ డెలీరియం’లో ఒక రాగం మనసుకు పట్టేలోపే దాన్ని వదిలేసి మరోదానికి దూకడం వల్ల, మెచ్చుకోవడానికి నైపుణ్యం మిగులుతుందే తప్ప పాట మిగలదు.

జవాబు 3:
సహనిర్మాత సోనిక్ బూమ్, స్పేస్‌మెన్ 3 బృందం నుంచి వచ్చిన సైకడెలిక్ (కలలో తేలుతున్నట్టు అనిపించే రాక్) సంగీతకారుడు. ఆ సంగీతంతో పరిచయం ఉన్నవారికి ఈ ఆల్బమ్ త్వరగా దగ్గరవుతుంది. కీర్తి తెచ్చే అలసటను పాడే చివరి పాట పలుచని చప్పట్లతో ముగుస్తుంది. ముందు దాన్ని వినండి.