కమ్యూనిటీ కాలేజీలో ఇంజనీరింగ్ పిల్లలు మధ్యలో ఎందుకు ఆగిపోతున్నారు? మీకు జరిగింది చెప్పండి

లెక్కల_పంతులమ్మ:
కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఒక కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారే చోటు) ఆరేళ్లుగా పార్ట్‌టైమ్‌గా లెక్కలు చెబుతున్నాను. నా క్లాసులో ఎక్కువ మంది బాదం తోటల్లో, ప్యాకింగ్ షెడ్లలో పనిచేసే మెక్సికన్ కుటుంబాల పిల్లలు. కొంతమంది లావోస్ వైపు నుంచి వచ్చిన హ్మాంగ్ కుటుంబాల పిల్లలు, ఒకరిద్దరు పంజాబీలు, ఎప్పుడైనా ఓ తెలుగబ్బాయి. చాలామంది ఇళ్లలో కాలేజీ మెట్టెక్కిన మొదటి మనిషి వాళ్లే.

ఆగస్టులో కాలిక్యులస్ వన్‌కి 34 మంది వచ్చారు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ నాటికి 19 మంది మిగిలారు. పోయినవాళ్లకు లెక్కలు రావనుకుంటే పొరపాటే. మొదటి మిడ్‌టర్మ్‌లో 91 తెచ్చుకున్న అమ్మాయి ఆ తర్వాతి వారమే మాయమైంది. మెయిల్ పెడితే "షిఫ్ట్ మారింది మిస్" అని ఒక్క ముక్క రాసింది.

ఇక్కడ చదివి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయినవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారు కదా. మిమ్మల్ని నిలబెట్టింది ఏమిటి? ఉపన్యాసాలు వద్దు.

నైట్‌షిఫ్ట్_మెకానికల్:
మేడం, మాది నల్గొండ. పెదనాన్న వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్ మీద 2011లో ఇంటిల్లిపాదీ వచ్చాం. అప్పటికి నాకు 19, తెలుగు మీడియం ఇంటర్. పగలు కాలేజీ, రాత్రి గ్యాస్ స్టేషన్. ఫీజుతో బాధ లేదు. యూనిట్‌కి 46 డాలర్లు, ఆదాయం తక్కువైతే అదీ మాఫీ. బాధంతా గంటలతోనే.

నన్ను ముంచింది మాత్రం వేరే. కౌన్సెలర్‌తో పావుగంట అపాయింట్‌మెంట్ దొరికింది. "ముందు జనరల్ సబ్జెక్టులు పూర్తి చేసెయ్" అన్నారు. మూడు సెమిస్టర్లు హిస్టరీ, సోషియాలజీ, ఆర్ట్ తీసుకున్నా. అన్నీ ఏ గ్రేడ్లే, ఇంట్లో సంబరం. ఆ తర్వాత తెలిసింది, మెకానికల్‌కి అసలు కావాల్సినవి మొదలే పెట్టలేదని. కాలిక్యులస్ వన్ లేకుండా ఫిజిక్స్ మెకానిక్స్ ఇవ్వరు. మెకానిక్స్, కాలిక్యులస్ టూ రెండూ అవకుండా ఎలక్ట్రిసిటీ ఇవ్వరు. ఎలక్ట్రిసిటీ లేకుండా సర్క్యూట్స్ లేదు. ఆ సర్క్యూట్స్ కూడా ఏడాదికి ఒక్కసారే, స్ప్రింగ్‌లో. నేను ఆ కోర్సులో చేరిన ఏడాది జనం చాలలేదని సెక్షనే రద్దు చేశారు. రెండేళ్ల చదువు నాలుగున్నరేళ్లు పట్టింది.

అసిస్ట్ అనే వెబ్‌సైట్ ఉందని, ఏ కాలేజీ కోర్సుని ఏ యూనివర్సిటీ ఒప్పుకుంటుందో అందులోనే ఉంటుందని నాలుగో సెమిస్టర్లో లైబ్రరీలో పక్కన కూర్చున్న వియత్నాం కుర్రాడు చూపించాడు. మీ పిల్లల చేత మొదటి వారమే అది తెరిపించండి. చివరి కోర్సు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ కాగితం మీద గీయించండి. ఇంజనీరింగ్‌కి మేజర్ కోర్సులే ముందు, జనరల్ సబ్జెక్టులు సందు దొరికినప్పుడు.

బే_ఏరియా_బాబాయ్:
ఒక మాట అంటే తిట్టుకోకండి. మాకెవరు సపోర్ట్ చేశారు? ట్యూటరింగ్ సెంటర్లు లేవు, ప్రోగ్రాములు లేవు. కూర్చుని చదివాం, పాసయ్యాం.

ఈసెట్_బ్యాచ్:
బాబాయ్, మీకు హాస్టల్ ఉంది.

నేను విజయవాడలో పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి, నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరాను. మొదటి ఏడాది లెక్కల పేపర్ ఎం-వన్ మేం చూడనేలేదు. సార్లేమో అది వచ్చేసినట్టే మొదలుపెట్టేవాళ్లు. ల్యాబ్‌లో లేత్ మిషన్ దగ్గర మేమే ముందు, లెక్కల క్లాసులో మాత్రం "డిప్లొమా బ్యాచ్" అని వెనక బెంచీ. నన్ను గట్టెక్కించింది ప్రోగ్రామూ కాదు, పట్టుదలా కాదు. పక్క రూమ్ సీనియర్. రాత్రి ఒంటిగంటకు తలుపు కొడితే విసుక్కుంటూనే లేచి డబుల్ ఇంటిగ్రల్ హద్దులు గోడ మీద గీసి చూపించేవాడు.

మేడం చెప్పే పిల్లలు క్లాసవగానే పార్కింగ్ లాట్లో కారెక్కి పనికి పోతారు. వాళ్లు ఎవరి తలుపు కొట్టాలి?

మెసా_గది:
ఈసెట్ అన్న చెప్పిన పక్క రూమ్ లాంటి సంగతినే బర్కిలీ యూనివర్సిటీలో ఒకాయన పనిగట్టుకుని గమనించాడు. 1970ల్లో యూరీ ట్రైస్‌మన్ అక్కడ లెక్కల్లో పరిశోధక విద్యార్థి. స్కూల్లో బాగా చదివొచ్చిన నల్లజాతి పిల్లలు కాలిక్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారో తేల్చాలని వాళ్లు చదువుకునే చోట్లకే వెళ్లి చూశాడు. వాళ్లు గంటలకొద్దీ చదువుతున్నారు, కాకపోతే ఒంటరిగా. చైనీస్ అమెరికన్ పిల్లలు ఎవరికి వారు చేసుకున్నాక ఒక చోట చేరి, ఒకరి జవాబు ఒకరు సరిచూసుకుంటున్నారు. అంతట ఆయన వర్క్‌షాపులు పెట్టాడు. వెనకబడినవాళ్లకు ప్రత్యేక క్లాసు అనలేదు, సులువు లెక్కలూ ఇవ్వలేదు. మామూలు క్లాసు కంటే కష్టమైనవే ఇచ్చి గుంపుగా చేయించాడు. ఫలితాలు మారాయి.

కాలిఫోర్నియాలో మెసా అని ఒక ప్రోగ్రాం ఉంది. 1970లో ఓక్లాండ్ టెక్నికల్ హైస్కూల్లో మొదలై తర్వాత కమ్యూనిటీ కాలేజీలకూ వచ్చింది. అందులో రెండేళ్లు వర్క్‌షాప్ లీడర్‌గా చేశాను. ఒక గది, వైట్‌బోర్డులు, అరువిచ్చే పుస్తకాలు, పోయిన సెమిస్టర్ అదే కోర్సు పాసైన కుర్రాళ్లు. పెద్ద రహస్యమేమీ లేదు. "హెల్ప్ సెంటర్" అని బోర్డు పెడితే మొహమాటపడి రాని పిల్లలు "వర్క్‌షాప్" అంటే వచ్చారు. నిజం చెప్పాలంటే వైట్‌బోర్డు కంటే మైక్రోవేవే ఎక్కువ మందిని లాక్కొచ్చింది. డబ్బా వేడి చేసుకోవడానికొచ్చి లెక్కలో ఇరుక్కునేవాళ్లు.

స్టాక్టన్_అమ్మ:
మా వాడు బయాలజీ, రెండో సెమిస్టర్. మావారు ట్రక్కు నడుపుతారు, నేను పదో తరగతి. ఈ ప్రోగ్రాములన్నీ మైనారిటీలకే అంటున్నారు, మమ్మల్ని ఆసియన్స్‌లో వేస్తారు కదా. అడగడానికి మొహమాటంగా ఉంది.

మెసా_గది:
అక్కా, నిక్షేపంగా అడగండి. కాలిఫోర్నియాలో 1996లో ఓటర్లు ఆమోదించిన ప్రొపోజిషన్ 209 చట్టం తర్వాత ప్రభుత్వ కాలేజీలు జాతిని బట్టి ప్రాధాన్యం ఇవ్వకూడదు. మెసాలో చూసేది కుటుంబ ఆదాయం, తల్లిదండ్రులకు డిగ్రీ ఉందా లేదా, అబ్బాయి మేజర్‌కి కాలిక్యులస్ కావాలా అన్నవి. సైన్సులో ఎవరు తక్కువున్నారని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) వేసే లెక్కలో ఆసియన్లు లేని మాట నిజమే, అది వేరే సంగతి. తక్కువ ఆదాయం పిల్లలకు కాలేజీలో సాయం చేసే ఈఓపీఎస్ ప్రోగ్రాం గురించి కూడా అడగండి. 1969 నుంచి ఉన్నదే, పుస్తకాలకు సాయం, విడిగా కౌన్సెలర్ ఉంటారు. చేరేటప్పుడు మామూలుగా 12 యూనిట్లు తీసుకుని ఉండాలి.

నైట్‌షిఫ్ట్_మెకానికల్:
ట్యాగ్ సంగతి కూడా రాసి పెట్టుకోండి అక్కా. ముందే సీటు ఖాయం చేసుకునే పద్ధతి. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, సాంటా బార్బరా, సాంటా క్రూజ్, ఈ ఆరు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లలోనే ఉంది. బర్కిలీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోలో లేదు. అప్లికేషన్ సెప్టెంబర్లోనే, నెల దాటితే అంతే. కొన్ని మేజర్లకు, ముఖ్యంగా ఇంజనీరింగ్‌లో, ఇవ్వరు. ముందే చూసుకోవాలి.

బే_ఏరియా_బాబాయ్:
హాస్టల్ మాట ఒప్పుకుంటున్నా. మా మెస్‌లో సాంబారు తప్ప అన్నీ పంచుకునేవాళ్లం.

లెక్కల_పంతులమ్మ:
అందరికీ థాంక్స్. నాకు ఇంకో టెన్షన్ ఉంది. 2022లో వచ్చిన ఏబీ 1705 చట్టంతో 2025 ఫాల్ నుంచి స్టెమ్ (సైన్సు, ఇంజనీరింగ్, లెక్కల) పిల్లల్ని చాలావరకు నేరుగా కాలిక్యులస్‌లోనే కూర్చోబెడుతున్నాం. స్కూలు లెక్కలే మళ్లీ చెప్పే పాత రెమిడియల్ క్లాసుల్లో ఏళ్ల తరబడి మగ్గినవాళ్లను చూశాను కాబట్టి ఆ ఉద్దేశం అర్థమవుతుంది. కానీ లాగరిథమ్ అంటే బెదిరిపోయే పిల్లవాడికి లిమిట్స్ చెప్పేటప్పుడు నాకే గొంతు ఆరిపోతోంది. కాబట్టి నా ఆఫీస్ అవర్స్ ఈ వారం నుంచి కేఫెటేరియాకి మార్చేశాను. నిన్న ఏడుగురు వచ్చారు. ఆఫీసులో ఉన్నప్పుడు ఇద్దరు.

షిఫ్ట్ అమ్మాయికి మళ్లీ మెయిల్ పెట్టాను. సాయంత్రం సెక్షన్ ఉందా అని అడిగింది. లేదు. ఇదొకటైతే, స్ప్రింగ్ సర్క్యూట్స్‌కి ఇప్పటికి 11 మందే చేరారు, ఎక్కువ రోజులు ఆగలేమని డీన్ అంటున్నారు. నైట్‌షిఫ్ట్ గారూ, మీకు రద్దయినప్పుడు ఏం చేశారు?

నైట్‌షిఫ్ట్_మెకానికల్:
50 మైళ్ల అవతల ఇంకో కమ్యూనిటీ కాలేజీలో శనివారం క్లాసు దొరికింది మేడం. అదే వియత్నాం కుర్రాడూ నేనూ గ్యాస్ డబ్బులు పంచుకుని ఒకే కారులో వెళ్లాం. ఆ 11 మంది పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి, అందరూ ఒక చోటికే వెళ్లొచ్చు. కాకపోతే ఆ కాలేజీ కోర్సుని వాళ్లు వెళ్లాలనుకునే యూనివర్సిటీ ఒప్పుకుంటుందో లేదో ముందు అసిస్ట్‌లో చూడమనండి. మాతో వచ్చిన మూడో అతనికి ఒప్పుకోలేదు.